కనిపెట్టింది మీరు, కాగితం ఎవరి పేరు మీద?

బాయిలో, ఏరియా వర్క్‌షాప్‌లో, సీహెచ్‌పీలో యంత్రాలతో కొన్నేళ్లు గడిపినవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. కంపెనీ నుంచి వచ్చిన యంత్రం వచ్చినట్టే ఎక్కువ కాలం నడవదు. మన నేలకు, మన బొగ్గు పొరకు, లోపలి తేమకు తట్టుకునేలా ఎవరో ఒకరు దానికి ఒక బ్రాకెట్ వెల్డ్ చేస్తారు, ఒక రోలర్ జరుపుతారు, ఒక సెన్సర్ చోటు మారుస్తారు. బ్రేక్‌డౌన్లు తగ్గుతాయి. షిఫ్టు ఇంజనీరు భుజం తడతారు. కొన్నాళ్లకు అదే మార్పు ఎవరో సప్లయర్ కేటలాగ్‌లో ఫొటోతో సహా కనిపిస్తుంది. చేసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

గోదావరిఖని, రామగుండం, సెంటినరీ కాలనీ, ఎన్టీపీసీ క్వార్టర్స్‌లో పెరిగి ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో ఇంజనీర్లుగా ఉన్న మన పిల్లలకూ ఇదే సమస్య ఇంకో రూపంలో ఎదురవుతుంది. జాయినింగ్ రోజు ఇరవై పేజీల అగ్రిమెంట్ చదవకుండా సంతకం పెడతారు. అయిదేళ్ల తర్వాత సొంతంగా ఏదైనా మొదలుపెట్టబోతే ఆ కాగితం బయటికి వస్తుంది.

ఈ రెండు రకాలవాళ్ల కోసమే ఈ వ్యాసం. పేటెంట్ అంటే ఏమిటి, లైసెన్స్ అంటే ఏమిటి, ఎక్కడ దెబ్బ తింటాం, తినకుండా ఏం చేయాలి అన్నవి వరుసగా చూద్దాం. దీనికి నమూనాగా ఫ్లాష్ మెమరీ పరిశ్రమ తొలినాళ్లను తీసుకుంటున్నాను. కారణం ఉంది. ఉద్యోగి కనిపెట్టడం, కంపెనీ హక్కు తీసుకోవడం, పోటీదారు వాడుకోవడం, భాగస్వామి ఎదురు తిరగడం, ఇవన్నీ ఆ ఒక్క పరిశ్రమలోనే జరిగాయి. చాలావరకు కోర్టుల దాకా వెళ్లాయి కాబట్టి తేదీలు, మొత్తాలు తెలుస్తున్నాయి.

ఆవిష్కర్త వేరు, యజమాని వేరు

మీ ఫోన్‌లో, మస్టర్ ఆఫీసు కంప్యూటర్‌కు పెట్టే పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఫ్లాష్ మెమరీ. కరెంటు తీసేసినా అందులో రాసింది పోదు. దీన్ని కనిపెట్టింది జపాన్‌లో టోషిబా ఇంజనీరు ఫుజియో మసుఓకా. మొదటి రకాన్ని 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఐఈడీఎం సదస్సులో ప్రకటించారు. 1987లో నాండ్ అనే రకాన్ని ప్రకటించారు. ఇవాళ ఫోన్లలో, మెమరీ కార్డుల్లో, ఎస్‌ఎస్‌డీల్లో పనిచేస్తున్నది ఆ నాండే.

పేటెంట్ కాగితాల్లో ఆవిష్కర్తగా మసుఓకా పేరు ఉంది. హక్కు మాత్రం టోషిబాది. ఆయనకు అప్పట్లో దక్కిన బహుమానం కొన్ని వందల డాలర్లేనని పత్రికలు రాశాయి. 1994లో టోషిబా వదిలి తోహోకు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా చేరారు. 2004లో తన వాటా కోసం 100 కోట్ల యెన్‌లు ఇప్పించాలని టోషిబా మీద దావా వేశారు. 2006లో 8.7 కోట్ల యెన్‌లకు రాజీ కుదిరింది. అడిగినదాంట్లో పదో వంతు కూడా కాదు.

అదే కాలంలో ఇంకో కేసు నడిచింది. నీలి ఎల్‌ఈడీ చేసిన షుజి నకమురాకు నిచియా కంపెనీ ఇచ్చిన బోనస్ 20 వేల యెన్‌లు. 2004 జనవరిలో కింది కోర్టు 2,000 కోట్ల యెన్‌లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది సుమారు 84 కోట్ల యెన్‌లకు రాజీపడ్డారు. నకమురాకు తర్వాత 2014లో నోబెల్ వచ్చింది.

ఈ రెండు కేసుల్లో మనం పట్టుకోవాల్సింది మొత్తాలు కాదు. వీళ్లిద్దరూ కోర్టుకు వెళ్లగలిగారంటే కారణం జపాన్ పేటెంట్ చట్టంలోని 35వ సెక్షన్. ఉద్యోగి కనిపెట్టినదాని హక్కును కంపెనీ తీసుకుంటే తగిన ప్రతిఫలం ఇవ్వాలని అది చెప్పేది. మన 1970 పేటెంట్ చట్టంలో అలాంటి సెక్షన్ లేదు. ఉద్యోగి ఆవిష్కరణకు ఎంత ఇవ్వాలి, ఎవరికి హక్కు అన్నది మన దగ్గర ప్రధానంగా అపాయింట్‌మెంట్ ఆర్డరు, సర్వీస్ రూల్స్, మీరు సంతకం పెట్టిన అగ్రిమెంట్ మీదే ఆధారపడుతుంది. నోబెల్ స్థాయి మనిషికే రాజీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. చట్టం ఆసరా లేని మనం ముందే కాగితం చూసుకోవాలి.

ఆవిష్కర్తగా పేరు వేయించుకునే హక్కు మన చట్టంలోనూ ఉంది. 28వ సెక్షన్ దానికోసమే. పేరు ఉన్నంత మాత్రాన డబ్బు రాదు, యాజమాన్యం రాదు. అయినా ఆ పేరు వదులుకోవద్దు. ప్రమోషన్ ఇంటర్వ్యూలో, వేరే ఉద్యోగానికి వెళ్లినప్పుడు, పిల్లలకు చెప్పుకోవడానికి నిలిచేది అదే.

ఒక కేసు: ఎస్‌డీఎల్ కేబుల్

ఒక భూగర్భ గనిలో ఎస్‌డీఎల్ (బొగ్గు ఎత్తిపోసే లోడర్) నడుస్తోంది అనుకుందాం. బకెట్ నింపి వెనక్కి తిరిగేటప్పుడు ట్రెయిలింగ్ కేబుల్ క్రాలర్ ట్రాక్ కిందికి పోతుంది. పై తొడుగు చిట్లి, తేమ తగిలి, గేట్ ఎండ్ బాక్స్ ట్రిప్ అవుతుంది. ఎలక్ట్రీషియన్ రావాలి, కేబుల్ మార్చాలి, పాడైనది పైకి పంపాలి. సగం షిఫ్టు పోతుంది. ఒక ఫిట్టర్ దీన్ని రోజూ చూస్తూ, యంత్రం వెనక భాగంలో అటూ ఇటూ తిరిగే ఒక చేయి బిగించి, కేబుల్ ట్రాక్‌కు దూరంగా లాగి పట్టేలా చేశాడు. చేతి చివర ఉన్న స్ప్రింగ్ బిగువు యంత్రం తిరిగే కోణాన్ని బట్టి తనంతట తానే మారుతుంది. కేబుల్ కోతలు తగ్గాయి.

ఇప్పుడు మామూలుగా ఏం జరుగుతుంది? తోటివాళ్లు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. రక్షణ పక్షోత్సవాల్లో మోడల్‌గా పెట్టమంటారు. స్థానిక పేపర్‌లో బొమ్మతో వార్త వస్తుంది. ఫిట్టర్‌కు శాలువా, ప్రశంసాపత్రం. ఇక్కడే హక్కు పోతుంది. పేటెంట్ రావాలంటే దరఖాస్తు పెట్టే నాటికి ఆ విషయం ఎక్కడా బయటపడి ఉండకూడదు. పేపర్‌లో వివరంగా వచ్చాక, బయటి జనం ముందు ప్రదర్శించాక అది కొత్తది కాదు. ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు.

ప్రదర్శనలకు మినహాయింపు ఉందని కొందరు చెబుతారు. ఉంది, కానీ చాలా ఇరుకైనది. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనకే అది వర్తిస్తుంది, అదీ 12 నెలల లోపు దరఖాస్తు చేస్తేనే. గని స్థాయి ప్రదర్శన, కాలేజీ టెక్ ఫెస్ట్, జిల్లాల్లో ఆగస్టు 15న పెట్టే ‘ఇంటింటా ఇన్నోవేటర్’ స్టాల్, ఏదైనా సరే, మినహాయింపు ఉందిలే అని నమ్ముకోవద్దు. ముందు దరఖాస్తు, తర్వాతే ప్రదర్శన.

ఆ ఫిట్టర్ వేసుకోవాల్సిన అడుగులు ఇవి.

మొదటిది భద్రత. భూగర్భంలో వాడే యంత్రానికి ఏ మార్పు చేయాలన్నా ఇంజనీరు, మేనేజరు రాతపూర్వక అనుమతి ఉండాలి. ఫ్లేమ్‌ప్రూఫ్ ఎన్‌క్లోజర్‌కు ఒక్క రంధ్రం వేసినా, దాని ఫ్లాంజ్ దగ్గర సందు మార్చినా ఆ ధ్రువీకరణ చెల్లదు. మీథేన్ ఉన్న చోట అది ప్రాణాల సంగతి. డీజీఎంఎస్ అనుమతి అవసరమైన చోట అది లేకుండా చేసిన మార్పును హక్కుగా చూపించబోతే, మీకే చార్జిషీట్ వచ్చే ప్రమాదం ఉంది.

రెండోది తేదీ. ఆలోచన వచ్చిన రోజే నోట్‌బుక్‌లో బొమ్మ గీసి, కొలతలు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. చూసిన ఒకరి సంతకం తీసుకోండి. అదే బొమ్మను మీ ఇంజనీరుకు ఈమెయిల్ చేయండి. నోటిమాటగా చెప్పింది రేపు ఎవరూ ఒప్పుకోరు.

మూడోది అడగడం. ‘ఈ మార్పుకు సంస్థ పేటెంట్ దరఖాస్తు చేస్తుందా? చేస్తే ఆవిష్కర్తగా నా పేరు ఉంటుందా? అవార్డు నిబంధనలు ఏమున్నాయి? సంస్థకు ఆసక్తి లేకపోతే నా ఖర్చుతో నేను దరఖాస్తు చేసుకోవడానికి ఎన్‌ఓసీ ఇస్తారా?’ ఈ నాలుగు ప్రశ్నలు ఒక పేజీలో రాసి ఇన్‌వర్డ్ నంబర్ వేయించండి. డ్యూటీలో, సంస్థ యంత్రం మీద, సంస్థ సామాను వాడి చేసిన పని మీద సంస్థకు గట్టి వాదన ఉంటుంది. అది నాదే అని చాటుగా దరఖాస్తు చేసినవాళ్లు తర్వాత ఉద్యోగానికే ముప్పు తెచ్చుకుంటారు.

నాలుగోది ప్రొవిజనల్ దరఖాస్తు. నమూనా పూర్తిగా తయారు కాకపోయినా వివరణతో పెట్టొచ్చు. తేదీ మీదవుతుంది. 12 నెలల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి, లేకపోతే దరఖాస్తు పోతుంది. తెలంగాణ, ఆంధ్ర వాళ్లకు చెన్నై పేటెంట్ ఆఫీసు. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో పెడితే దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరీక్షకు 4,000. పెద్ద కంపెనీలకైతే 8,000, 20,000. పేజీలు, క్లెయిమ్‌లు ఎక్కువైతే అదనం. ఏజెంట్ ఫీజు వేరు, అసలు ఖర్చు అక్కడే. స్టార్టప్‌గా గుర్తింపు ఉంటే ఆ ఏజెంట్ ఫీజును ప్రభుత్వమే భరించే పథకం ఉంది, అడగండి.

పరీక్ష కోసం వేరే అభ్యర్థన పెట్టకపోతే ఎవరూ మీ ఫైలు తెరవరు. ఇప్పుడున్న నిబంధన ప్రకారం దానికి గడువు 31 నెలలు. పేటెంట్ వచ్చాక కూడా ఏటా రెన్యూవల్ కట్టాలి. కట్టకపోతే హక్కు రద్దవుతుంది. మొత్తం కాలం దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు.

ఇంకో మాట. ప్రతి మెరుగుదలకూ పేటెంట్ రాదు. తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చి, ఏదీ కొత్తగా పనిచేయకపోతే 3వ సెక్షన్ కింద తోసేస్తారు. కంప్యూటర్ ప్రోగ్రామ్ ఒక్కదానికే, వ్యాపార పద్ధతికి కూడా రాదు. పై కేసులో మామూలు కొక్కెం వేలాడదీసి ఉంటే పేటెంట్ కష్టం. కోణాన్ని బట్టి బిగువు మారే ఏర్పాటు ఉంది కాబట్టి వాదించడానికి చోటు ఉంది. ఆకారమే మీ గొప్పదనం అయితే డిజైన్ రిజిస్ట్రేషన్ చవక, త్వరగా అవుతుంది.

చదువు లేకపోతే ఇదంతా మన వల్ల కాదనుకోవద్దు. ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం నేతకు ఆసు పోస్తూ తల్లి పడే బాధ చూసి ఆసు యంత్రం చేశారు. ఆయన చదువు హైస్కూలు దాటలేదు. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ అండతో పేటెంట్ పొందారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పెద్ద సంస్థల బయట, సాంకేతిక చదువులు లేకుండా కనిపెట్టేవాళ్లకు సాయం చేయడానికే ఆ సంస్థ ఉంది.

పేటెంట్ ఇచ్చేది ఏమిటి, ఇవ్వనిది ఏమిటి

పేటెంట్ వస్తే మీరు ఆ వస్తువు చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. చట్టం ఇచ్చేది ఇతరులు చేయకుండా ఆపే హక్కు. మీరు చేయాలంటే మీ దారిలో ఇంకొకరి పేటెంట్ అడ్డు ఉండకూడదు.

ఫ్లాష్ మెమరీ ఒకరి మీద ఒకరు కట్టుకుంటూ వచ్చిన పని. కరెంటు పోయినా ఛార్జ్‌ను పట్టి ఉంచే ఫ్లోటింగ్ గేట్ 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ చేశారు. దాని మీద 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ ఈప్రామ్ తెచ్చారు. అతినీలలోహిత కాంతి పెట్టి చెరిపేవాళ్లు. ఆ తర్వాత కరెంటుతోనే చెరిపేవి వచ్చాయి. ఆ వరుసలో మసుఓకా ఫ్లాష్ వచ్చింది. 1988లో ఎలి హరారి, సంజయ్ మెహరోత్రా, జాక్ యువాన్ కలిసి సన్‌డిస్క్ పెట్టారు. అదే తర్వాత శాన్‌డిస్క్ అయింది. కాన్పూర్‌లో పుట్టిన ఆ మెహరోత్రా ఇప్పుడు మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్ అధిపతి. 2019లో హైదరాబాద్‌లో మైక్రాన్ కేంద్రం తెరుచుకుంది.

శాన్‌డిస్క్‌కు మొదట్లో సొంత చిప్ ఫ్యాక్టరీ లేదు. వాళ్లు పట్టుకున్నది ఫ్లాష్ బలహీనతను. ఫ్లాష్‌లో రాసి చెరిపేకొద్దీ అరలు అరిగిపోతాయి, కొన్ని మొదటి నుంచే చెడిపోయి ఉంటాయి. చెడిన అరలను పక్కన పెట్టి, మొత్తం ఒక నమ్మకమైన డిస్క్‌లా పనిచేయించే ఏర్పాటు మీద, ఒకే అరలో ఒకటి కంటే ఎక్కువ బిట్లు దాచే పద్ధతి మీద వాళ్లు పేటెంట్లు తీసుకున్నారు. చిప్‌లు చేసే పెద్ద కంపెనీలకు ఇవి తప్పించుకోలేని దారులయ్యాయి. శామ్‌సంగ్ మీద 1996లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. 1997లో ఆ కేసు శాన్‌డిస్క్ వైపు తేలింది. అదే ఏడాది ఆగస్టులో ఇద్దరూ క్రాస్ లైసెన్స్ చేసుకున్నారు, అంటే నీ పేటెంట్లు నేను వాడతాను, నావి నువ్వు వాడు, తేడా ఉన్నంత మేర రాయల్టీ కట్టు అని. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు శాన్‌డిస్క్ ఆదాయంలో రాయల్టీలు పెద్ద భాగం.

మనకు పనికొచ్చే పాఠం ఇది. మొత్తం యంత్రం కనిపెట్టనక్కర్లేదు. ఆ యంత్రం రోజూ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ పరిష్కారం పట్టుకుంటే చాలు. ఎక్కడ ఆగుతుందో యంత్రం చేసిన కంపెనీ కంటే రోజూ నడిపేవాళ్లకే ముందు తెలుస్తుంది. డంపర్ నడిపేవాళ్లకు, కన్వేయర్ బెల్ట్ చూసేవాళ్లకు, పంపు ఖలాసీకి ఉన్న ఆ తెలివిడికి వెల ఉంది.

లైసెన్స్ మాట్లాడేటప్పుడు

లైసెన్స్ మన ప్రాంతానికి కొత్త మాట కాదు. రామగుండంలో పాత ఎఫ్‌సీఐ ఎరువుల ప్లాంట్ కాపర్స్ టోట్జెక్ పద్ధతిలో బొగ్గు నుంచి గ్యాస్ తీసేది. 1999లో మూతపడింది. అక్కడే వచ్చిన ఆర్‌ఎఫ్‌సీఎల్‌లో అమ్మోనియా తయారీ డెన్మార్క్‌కు చెందిన హాల్డర్ టాప్సో లైసెన్స్ మీద, యూరియా ఇటలీకి చెందిన సైపెమ్ లైసెన్స్ మీద నడుస్తోంది. ప్లాంట్ ఇక్కడిది, నడిపేది మనవాళ్లు, ప్రాసెస్ హక్కు వాళ్లది. పద్ధతిని కాగితం మీద పెట్టుకున్నవాళ్లు ఖండాలు దాటి ఫీజు తీసుకుంటారు.

మీ దగ్గర పేటెంట్ దరఖాస్తు ఉంది, ఒక తయారీదారు వచ్చాడు అనుకుందాం. ముందు తేల్చుకోవాల్సింది అసైన్‌మెంటా, లైసెన్సా అన్నది. మొదటిది ఇల్లు అమ్మేయడం, రెండోది కిరాయికి ఇవ్వడం. ఏదైనా రాతపూర్వకంగానే ఉండాలి. 68వ సెక్షన్ ప్రకారం నోటి ఒప్పందం చెల్లదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పరికరం ధర జీఎస్టీ కాకుండా 40,000 రూపాయలు. ఏడాదికి 150 అమ్ముతారు. అమ్మకం 60 లక్షలు. తయారీదారు మీకు రెండు ఎంపికలు ఇస్తాడు: అమ్మకంలో 4 శాతమా, లాభంలో 10 శాతమా? పది పెద్దదిగా కనిపిస్తుంది. అమ్మకంలో 4 శాతం అంటే 2.4 లక్షలు. లాభం సంగతికి వస్తే ఆఫీసు అద్దె, కారు, వడ్డీ, యజమాని జీతం అన్నీ తీసేసి 3 లక్షలు చూపిస్తాడు. అందులో 10 శాతం 30 వేలు. శాతం కంటే దేని మీద శాతం అన్నదే ముఖ్యం. నికర అమ్మకపు ధర మీదే అడగండి. ఆ ధరలోంచి ఏమేం తీసేయొచ్చో అగ్రిమెంట్‌లోనే రాయించండి.

దాంతోపాటు ఏడాదికి కనీస రాయల్టీ ఒకటి పెట్టండి. ఎక్స్‌క్లూజివ్‌గా తీసుకుని, రెండేళ్లు ఒక్కటీ తయారు చేయకుండా కూర్చునేవాళ్లు ఉంటారు. వాళ్ల పాత మోడల్‌కు మీది పోటీ రాకుండా ఆపడమే వాళ్ల ఉద్దేశం. ఫలానా తేదీలోగా ఇన్ని అమ్మకపోతే లైసెన్స్ రద్దని రాయించండి. లెక్కల పుస్తకాలు చూసే హక్కు, బకాయి పడితే వడ్డీ, ఏ రాష్ట్రాల్లో అమ్మొచ్చు, ఎన్నేళ్లు, ఈలోగా వాళ్లు చేసే మెరుగుదలలు ఎవరివి, ఇవన్నీ అందులో ఉండాలి.

రెండో సప్లయర్ ఉంటేనే కొంటామని పెద్ద కొనుగోలుదారులు అంటారు. అది న్యాయమైన కోరికే. టోషిబా కూడా నాండ్‌కు మార్కెట్ పెరగాలని 1992లో శామ్‌సంగ్‌కు సాంకేతికత లైసెన్స్ ఇచ్చింది. మార్కెట్ పెరిగింది. పదేళ్లలో శామ్‌సంగ్ టోషిబాను దాటిపోయింది. లైసెన్స్ తీసుకున్నవాడే పోటీదారు అవుతాడన్న సంగతి మనసులో పెట్టుకుని వ్యవధి, పరిధి రాయండి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది అగ్రిమెంట్‌కు ముందు జరిగే మాటల్లో. లెక్సార్ అనే చిన్న కంపెనీలో టోషిబా 1997లో పెట్టుబడి పెట్టింది. బోర్డులో టోషిబా మనిషి కూర్చున్నారు. తర్వాత టోషిబా వెళ్లి లెక్సార్ పోటీదారు శాన్‌డిస్క్‌తో చేతులు కలిపింది. తమ రహస్యాలు వాడుకున్నారని లెక్సార్ దావా వేసింది. 2005లో కాలిఫోర్నియా జ్యూరీ 46.5 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలని చెప్పింది. ఆ మొత్తం అలాగే చేతికి రాలేదు. 2006లో, అప్పటికే లెక్సార్‌ను మైక్రాన్ కొనేశాక, 28.8 కోట్లకు రాజీ అయింది. గెలిచినట్టే. కానీ ఏళ్ల తరబడి లాయర్లను భరించే శక్తి లెక్సార్‌కు ఉంది. గోదావరిఖనిలో షెడ్డు పెట్టుకున్న మనకు ఉండదు.

అందుకే డ్రాయింగ్ చూపించే ముందు ఎన్‌డీఏ (రహస్యం బయటపెట్టబోమన్న ఒప్పందం) మీద సంతకం తీసుకోండి. అది కుదరకపోతే పని ఏం చేస్తుందో చెప్పండి, ఎలా చేస్తుందో చెప్పకండి. ప్రభుత్వ రంగ సంస్థకు ట్రయల్ కోసం ఇచ్చే ప్రతి పేజీ మీద ‘కాన్ఫిడెన్షియల్’ అని వేయండి. వాణిజ్య రహస్యాలకు, మేధో సంపత్తికి ఆర్టీఐ చట్టం 8(1)(డి)లో రక్షణ ఉంది. మీరు ముద్ర వేస్తేనే అధికారికి ఆ సంగతి గుర్తుంటుంది. కవరింగ్ లెటర్‌లో జతపరిచిన డ్రాయింగ్‌ల నంబర్లు రాసి, అందినట్టు సంతకం తీసుకోండి.

దిగుమతి విడిభాగాలు చేసేవాళ్లకు

దిగుమతి స్పేర్‌ను ఇక్కడే చవకగా చేసిస్తామని టెండర్ వేసే చిన్న యూనిట్లు మన బెల్ట్‌లో ఉన్నాయి. మంచి వ్యాపారమే. ముందు ఒక తనిఖీ చేయండి. పేటెంట్ ఏ దేశంలో ఇచ్చారో ఆ దేశంలోనే చెల్లుతుంది. అమెరికాలో ఉండి ఇక్కడ తీసుకోకపోతే ఇక్కడ అడ్డు లేదు. ఇక్కడ తీసుకుని 20 ఏళ్లు దాటినా, రెన్యూవల్ కట్టకపోయినా అడ్డు లేదు. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో పేరుతో, నంబరుతో వెతికితే స్థితి తెలుస్తుంది. ఆ పేజీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి. పేటెంట్ బతికి ఉంటే లైసెన్స్ అడగండి. కళ్లు మూసుకుని చేసి, నోటీసు వచ్చాక పరుగెత్తితే ఆర్డరు, డిపాజిట్ రెండూ పోతాయి.

పేటెంట్ ఉన్నవాళ్లు జనానికి అందేలా అమ్మకపోతే చట్టంలో వేరే దారి కూడా ఉంది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు సొరాఫెనిబ్‌కు లైసెన్స్ అడిగి, దొరకక, పేటెంట్ కంట్రోలర్‌కు దరఖాస్తు చేసింది. 2012 మార్చిలో దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్స్ వచ్చింది. నెలకు 2.8 లక్షలు అయ్యే మందును 8,880 రూపాయలకు అమ్మాలి, అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ బేయర్‌కు కట్టాలి. తర్వాత దాన్ని 7 శాతం చేశారు. ఇది సులువైన దారి కాదు. పేటెంట్ వచ్చి మూడేళ్లు దాటాలి, ముందు లైసెన్స్ అడిగినట్టు రుజువు ఉండాలి. నాట్కో నిలబడింది లైసెన్స్ అడుగుతూ ముందు రాసిన ఉత్తరం వల్ల కూడా.

ఉద్యోగం మారేవాళ్లకు

చిప్, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉన్న పిల్లలకు మూడు మాటలు.

అగ్రిమెంట్‌లో ‘ఉద్యోగ కాలంలో చేసినదంతా కంపెనీదే’ అని ఉందా, ‘ఉద్యోగానికి సంబంధించినదంతా’ అని ఉందా చూడండి. మొదటిదైతే సెలవు రోజు ఇంట్లో చేసింది కూడా వివాదంలో పడుతుంది. చేరేముందే మీ పాత ప్రాజెక్టుల జాబితా ఇచ్చి, ఇవి నావి అని హెచ్‌ఆర్ చేత రాయించుకోండి. సొంత పనికి కంపెనీ లాప్‌టాప్, కంపెనీ ఈమెయిల్, కంపెనీ సమయం వాడవద్దు.

అమెరికాలో ఉన్నవాళ్లు క్రియాపదాలు కూడా చూడాలి. ఒక పరిశోధకుడు స్టాన్‌ఫర్డ్‌కు ‘అప్పగించడానికి అంగీకరిస్తున్నాను’ అని, ఒక కంపెనీకి ‘ఇందుమూలంగా అప్పగిస్తున్నాను’ అని వేర్వేరు కాగితాల మీద సంతకం పెట్టాడు. ఆ తేడా మీదే కేసు నడిచి, 2011లో అమెరికా సుప్రీంకోర్టులో స్టాన్‌ఫర్డ్ ఓడిపోయింది. ఇక ఇక్కడ నివసిస్తూ విదేశంలో ముందుగా దరఖాస్తు చేయాలంటే 39వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దరఖాస్తు చేసి ఆరు వారాలు ఆగాలి.

ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరొద్దనే షరతు మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. అలాగని పాత కంపెనీ డ్రాయింగ్‌లు, కోడ్ పట్టుకెళ్లొద్దు. రహస్యం కాపాడే బాధ్యత ఉద్యోగంతో అయిపోదు. మీ చేతిలో ఉన్న నైపుణ్యం మీది, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్న ఫైలు వాళ్లది.

ఈ వారం చేయాల్సింది

మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు, సర్వీస్ రూల్స్ బయటికి తీసి ఆవిష్కరణల గురించి ఏముందో చదవండి. లేకపోతే లేదని రాసుకోండి. మీరు ఇప్పటికే చేసిన మార్పుల జాబితా రాసి, ఏది బయటపడింది, ఏది పడలేదు అని గుర్తు పెట్టండి. బయటపడనిదాన్ని ఎవరికీ చూపించకుండా నోట్‌బుక్‌లోకి ఎక్కించి, ఇంజనీరుకు ఉత్తరం పెట్టండి. సూపర్‌వైజర్లకు ఒక విన్నపం: మీ కింద పనిచేసే మనిషి చేసిన మార్పును పైకి పంపేటప్పుడు అతని పేరుతోనే పంపండి. పనితనంలో మన బెల్ట్ ఎవరికీ తీసిపోదు. చేసినదానికి తేదీ వేసి, పేరు రాసి, సంతకం తీసుకునే అలవాటు కూడా వస్తేనే ఆ పనితనానికి రావాల్సింది మన ఇంటికి వస్తుంది.